వాననీటికి దారి చూపేది వాలే: గ్రేడింగ్, డ్రైనేజీ లెక్కలు మొదటి నుంచి

పెద్ద వాన పడి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన ప్రతిసారీ మాట పైపుల మీదికి పోతుంది. పైపు సైజు చాల్లేదు, పూడిక తియ్యలేదు, కాలవ కబ్జా అయింది. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ పైపు దాకా చేరకముందే నీళ్ళు నేల మీద కొంత దూరం పారతాయి. అవి ఇంటి గోడవైపు పారతాయా, గోడకు దూరంగా పోతాయా అన్నది ఆ నేలను ఏ వాలులో చదును చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ చదును పనినే గ్రేడింగ్ అంటారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు బెదిరిపోయే సబ్జెక్టుల్లో ఇదొకటి. నిజానికి బెదిరిపోయేంత గణితం ఇందులో లేదు. కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం వస్తే చాలా దూరం పోవచ్చు. కష్టమల్లా కాగితం మీది గీతల్లో మెరకా పల్లమూ కంటికి కనబడటంలోనే ఉంది.

## ముందు నాలుగు మాటలు

గ్రేడింగ్ అంటే నేల ఎత్తుల్ని మనకు కావలసినట్టు మార్చడం. ఒకచోట తవ్వుతాం, ఇంకోచోట పూడుస్తాం. డ్రైనేజీ అంటే ఆ నేల మీద పడిన నీటిని చేరవలసిన చోటికి చేర్చడం. పుస్తకాల్లో ఇవి రెండు అధ్యాయాలు. సైటులో మాత్రం ఒకటే పని. వాటం సరిగ్గా కుదిరిన నేలకు పైపులు తక్కువ పడతాయి. వాటం చెడిన నేలలో ఎంత పెద్ద పైపు వేసినా దాని మూతి దాకా నీళ్ళు రావు.

ఎత్తులన్నీ ఒక స్థిరమైన గుర్తు నుంచి కొలుస్తారు. అదే బెంచ్ మార్క్. దానికి 100.00 అని పేరు పెట్టుకుంటే, దానికంటే 40 సెంటీమీటర్లు పల్లంలో ఉన్న చోటు 99.60 అవుతుంది. ఇలా ఒక్కో బిందువు దగ్గర రాసే అంకెను స్పాట్ లెవెల్ అంటారు. పని పూర్తయ్యాక కాలు పెట్టే మట్టం ఫినిష్డ్ గ్రేడ్. దాని కింద పేవింగ్ బ్లాకులు, ఇసుక, కంకర పొరలు వెయ్యకముందు మట్టిని చదును చేసిన మట్టం సబ్‌గ్రేడ్. ఈ చివరి రెండింటినీ కలగాపులగం చేస్తే ఏమవుతుందో మట్టి లెక్క దగ్గర చూద్దాం.

## వాలును మూడు రకాలుగా ఎందుకు చెబుతారు

వాలు అంటే ఎత్తు తేడాను అడ్డంగా కొలిచిన దూరంతో భాగించగా వచ్చేది. ఏటవాలు వెంబడి టేపు పరిచి కొలిచిన దూరం కాదు. ప్లాను మీద కనిపించే దూరం. 30 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్లు దిగితే 0.60 ÷ 30 = 0.02, అంటే 2 శాతం. సైటులో ఇదే మాటను మీటరుకు రెండు సెంటీమీటర్ల వాటం అంటారు.

నిలువైన గట్ల దగ్గర శాతం వదిలేసి నిష్పత్తి వాడతారు. మూడు మీటర్లు అడ్డంగా పోతే ఒక మీటరు ఎక్కే గట్టును కొందరు 1:3 అని, కొందరు 3:1 అని రాస్తారు. డ్రాయింగ్ మీద ఏది అడ్డమో ఏది నిలువో రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ మాత్రం మొదటి అంకె నిలువు, రెండోది అడ్డం. శాతంలో అది 33. డిగ్రీల్లో పద్దెనిమిది పైచిలుకు. వంద శాతం అంటే నిలువు గోడ అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. వంద శాతం వాలు 45 డిగ్రీలే.

ఎంత వాలు ఎక్కడ పెట్టాలన్నదానికి స్థిరపడిన హద్దులున్నాయి. గడ్డి, మొక్కలు ఉన్న నేలకు కనీసం 2 శాతం ఇస్తారు. కాంక్రీటు తలానికి 1 శాతం సరిపోతుంది. పేవర్ బ్లాకుల సందులు, ఎగుడుదిగుళ్ళు నీటిని ఆపుతాయి కాబట్టి వాటికి ఒకటిన్నర నుంచి 2 శాతం. ఇంటి గోడ చుట్టూ ఉన్న మట్టికి మొదటి 3 మీటర్లలో 5 శాతం, అంటే 15 సెంటీమీటర్ల దిగుడు. గడ్డి కోసే యంత్రం నడవాలంటే 1:4 హాయిగా ఉంటుంది, 1:3 ఆఖరి హద్దు. మొక్కలతో కప్పిన గట్టుకు 1:2 దాటితే మట్టి జారే ప్రమాదం మొదలవుతుంది.

చక్రాల కుర్చీ వెళ్ళే దారుల లెక్క వేరు. ర్యాంపు 1:12 కంటే నిలువుగా ఉండకూడదన్నది చాలా దేశాల నిబంధనల్లో కనిపించే హద్దు. దారి అడ్డవాలు, అంటే వెడల్పు వెంబడి వాలు, 2 శాతం దాటితే కుర్చీ పక్కకు లాగుతుంది. ఇక్కడే చిన్న తిరకాసు ఉంది. పేవర్ బ్లాకుల దారిలో నీళ్ళు పోవడానికి కనీసం ఒకటిన్నర శాతం కావాలి, కుర్చీ కోసం 2 శాతం దాటకూడదు. డిజైనరుకు మిగిలేది అర శాతం జాగా. పేవింగ్ మేస్త్రీ చేతిలో ఆ అర శాతం ఎటు జారినా ఒకవైపు నీళ్ళు నిలుస్తాయి, ఇంకోవైపు నిబంధన తప్పుతుంది.

## కాంటూర్ గీతల్లో నేల కనబడటం

ఒకే ఎత్తులో ఉన్న బిందువులన్నిటినీ కలిపే గీత కాంటూర్. చెరువులో నీరు మెల్లమెల్లగా దిగిపోతూ గట్టు మీద వదిలిన చారల్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటాయో కాంటూర్లూ అలాగే ఉంటాయి. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట వాలు నిలువు, దూరదూరంగా ఉన్నచోట చదును. నీరు గీతను లంబకోణంలో దాటి కిందికి పోతుంది.

ఆకారాలు గుర్తుపట్టడానికి ఒకే సూత్రం చాలు. వాగు ఉన్నచోట కాంటూర్ ఎగువకు మొనదేలుతుంది. మిట్ట ఉన్నచోట దిగువకు మొనదేలుతుంది. మనం వెయ్యబోయే గడ్డి కాలవ (గడ్డితో కప్పిన, లోతు తక్కువ కాలవ) కూడా చిన్న వాగే. కాబట్టి గీతల మొన ఎగువకే చూడాలి. పరీక్ష పేపర్లలో ఇది తిరగబడి కనిపిస్తే కాలవ బదులు కరకట్ట కట్టినట్టే.

ఇక రెండు స్పాట్ లెవెల్స్ మధ్య కాంటూర్ ఎక్కడ పడుతుందో చూద్దాం. ఎగువ బిందువు 51.30, దిగువది 50.10, మధ్య దూరం 24 మీటర్లు. దిగుడు 1.20. వాలు 1.20 ÷ 24 = 5 శాతం. 51.00 గీత కావాలంటే ఎగువ బిందువు నుంచి 30 సెంటీమీటర్లు దిగాలి. 0.30 ÷ 0.05 = 6 మీటర్లు. 50.50 గీతకు 0.80 ÷ 0.05 = 16 మీటర్లు. ఇక్కడి లెక్కంతా ఇంతే. ఎత్తు, దూరం, వాలు అనే మూడింటిలో రెండు తెలిస్తే మూడోది వస్తుంది.

గీతలు చిక్కుగా కనబడేది రోడ్డు దగ్గర. 6 మీటర్ల వెడల్పు రోడ్డు 3 శాతం వాలులో దిగుతోందనుకోండి. నడిమి నుంచి రెండు పక్కలకూ 2 శాతం అడ్డవాలు. అంచున 15 సెంటీమీటర్ల ఎత్తు కెర్బ్, అంటే రోడ్డు అంచు గట్టు. నడిమి భాగం అంచుకంటే 3 × 0.02 = 6 సెంటీమీటర్లు ఎత్తు. అంచున 50.00 ఉన్నచోట నడిమి మట్టం 50.06. నడిమిలో 50.00 దొరకాలంటే ఇంకో 6 సెంటీమీటర్లు దిగాలి కాబట్టి 0.06 ÷ 0.03 = 2 మీటర్లు దిగువకు పోవాలి. అందుకే రోడ్డు మీద కాంటూర్ దిగువకు మొనదేలుతుంది. కెర్బ్ దగ్గర ఇంకో దూకుడు ఉంది. అంచున 50.00 ఉన్నచోట కెర్బ్ పైమట్టం 50.15. దాని మీద 50.00 రావాలంటే 0.15 ÷ 0.03 = 5 మీటర్లు దిగువకు పోవాలి. కాబట్టి గీత రోడ్డు అంచుకు వచ్చి, కెర్బ్ ముఖాన్ని అంటుకుని 5 మీటర్లు కిందికి నడిచి, అప్పుడు కెర్బ్ ఎక్కి పక్కకు సాగుతుంది. ఈ ఒక్క బొమ్మను చేత్తో రెండుసార్లు గీసినవాళ్ళకు మిగతా బొమ్మలు సులువవుతాయి. సాఫ్ట్‌వేర్ ఈ గీతల్ని క్షణంలో గీసిపెడుతుంది. తప్పు మట్టాలు ఇచ్చినా అంతే అందంగా గీస్తుంది. అందుకే మొదట చేత్తో గీయించే పద్ధతి ఇంకా పోలేదు.

పాత కాంటూర్లను చుక్కల గీతల్లో, కొత్తవాటిని నిండు గీతల్లో చూపిస్తారు. కొత్త గీత పాత గీత నుంచి బయలుదేరి తిరిగి అదే ఎత్తు పాత గీతలో కలవాలి. స్థలం హద్దు దగ్గర ఉట్టినే తెగిపోకూడదు, ఎందుకంటే పక్కవాళ్ళ నేల మట్టాన్ని మనం మార్చలేం. కొత్త గీత పాతదానికంటే ఎగువకు జరిగిందంటే అక్కడ తవ్వుతున్నాం. దిగువకు జరిగిందంటే పూడుస్తున్నాం.

## వాలు నేల మీద ఒక ఇల్లు: పూర్తి ఉదాహరణ

ఉత్తరం ఎగువ, దక్షిణం దిగువ. నేల సహజ వాలు 4 శాతం. ఇల్లు తూర్పు పడమరలుగా 12 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 10 మీటర్లు. లోపలి గచ్చు మట్టం 100.00. ఉత్తరపు గోడకు 3 మీటర్ల ఎగువన సహజ నేల 100.10 ఉంది. అంటే ఇంటి గచ్చుకంటే ఎగువ నేల 10 సెంటీమీటర్లు మెరక. ఏమీ చెయ్యకపోతే ఎగువ నీళ్ళన్నీ నేరుగా ఉత్తరపు గోడకు కొడతాయి.

గోడ బయట మట్టి గచ్చుకంటే 15 సెంటీమీటర్లు పల్లంలో ఉండాలి కాబట్టి 99.85. అక్కడి నుంచి 5 శాతం చొప్పున 3 మీటర్లు దిగితే 99.70. అదే గడ్డి కాలవ అడుగు. దీన్ని ఉత్తరపు గోడ మధ్యకు ఎదురుగా ఎత్తు బిందువుగా పెట్టి, రెండు పక్కలకూ 2 శాతం వాలులో నీటిని చీలుస్తాం. మూల తిరిగే చోటికి దూరం 6 + 3 = 9 మీటర్లు. దిగుడు 18 సెంటీమీటర్లు, మట్టం 99.52. అక్కడి నుంచి ఇంటి పక్కగా దక్షిణపు గోడ వరస దాకా 13 మీటర్లు, ఇంకో 26 సెంటీమీటర్లు. మట్టం 99.26.

ఇప్పుడు ఒక్కోటి సరిచూడాలి. మూల దగ్గర సహజ నేల 100.10, కాలవ అడుగు 99.52, తవ్వకం 58 సెంటీమీటర్లు. కాలవ ఎగువ ఒడ్డును 1:4 వాలులో పైకి తెచ్చి సహజ నేలలో కలపాలి. ఒడ్డు మీటరుకు 25 సెంటీమీటర్లు ఎక్కుతుంది, సహజ నేల కూడా మీటరుకు 4 ఎక్కుతుంది. మీటరుకు పూడే తేడా 21. కాబట్టి 0.58 ÷ 0.21, దాదాపు 2.8 మీటర్లు. ఉత్తరపు గోడ నుంచి మొత్తం 5.8 మీటర్ల జాగా కావాలన్నమాట. హద్దు 4 మీటర్లలోనే ఉంటే ఈ డిజైను పనికిరాదు. అప్పుడు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ కట్టాలి, లేదా గచ్చు మట్టం పెంచాలి, లేదా నీటిని రెండు పక్కలకూ కాకుండా వేరే దారిన పంపాలి. గ్రేడింగ్‌లో ఇలాంటి ఇరుకులే ఎక్కువ. ఒక అంకె మారిస్తే నాలుగు అంకెలు కదులుతాయి.

దక్షిణాన సహజ నేల 13 మీటర్లలో 52 సెంటీమీటర్లు దిగి 99.58 అవుతుంది. అక్కడ గోడ చుట్టూ మట్టిని 99.85కి పెంచితే కాలవలోకి వాలు 3 మీటర్లలో 59 సెంటీమీటర్లు, దాదాపు 1:5. నిలుస్తుంది కానీ మట్టి వృథా. 99.60 దగ్గర ఆపితే సహజ నేలలో కలిసిపోతుంది, కాలవలోకి వాలు 11 శాతం. కాకపోతే దక్షిణపు వాకిలి గచ్చుకంటే 40 సెంటీమీటర్లు పల్లంలో పడుతుంది. మూడు మెట్లు, ఒక్కోటి 13 సెంటీమీటర్ల పైన. ర్యాంపు కావాలంటే 0.40 × 12 = 4.8 మీటర్లు. నీటి కోసం తీసుకున్న నిర్ణయం గుమ్మం ముందు మెట్లుగా తేలింది.

కాలవ అడుగు అక్కడ సహజ నేలకంటే 32 సెంటీమీటర్లు లోతులో ఉంది. కాలవ 2 శాతం, నేల 4 శాతం దిగుతున్నాయి కాబట్టి మీటరుకు 2 సెంటీమీటర్ల తేడా పూడుతుంది. 16 మీటర్ల దిగువన కాలవ నేల మీదికి తేలుతుంది. అక్కడ నీరు పడే చోట రాళ్ళు పరచకపోతే మొదటి పెద్ద వానకే గుంట పడుతుంది.

## ఎంత నీరు వస్తుంది: ఒక మిల్లీమీటరు, ఒక లీటరు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. దీని మీద కట్టిన లెక్కనే ఇంజినీర్లు రేషనల్ పద్ధతి అంటారు. ఐర్లండ్‌లో మల్వనీ అనే ఇంజినీరు 1851లో దీని మూల ఆలోచనను చెప్పాడు. అమెరికాలో కుచ్లింగ్ అనే ఇంజినీరు 1889లో మురుగు కాలవల డిజైనుకు వాడాడు. విస్తీర్ణాన్ని వాన తీవ్రతతో గుణించి, అందులో ఎంత భాగం ఇంకకుండా పారుతుందో చెప్పే గుణకంతో మళ్ళీ గుణించాలి. పైకప్పుకు ఆ గుణకం దాదాపు 0.9, పేవింగ్‌కు 0.85, మామూలు వాలులో గడ్డి నేలకు 0.25 అనుకుందాం.

800 చదరపు మీటర్ల స్థలం. పైకప్పు 200, పేవింగ్ 150, గడ్డి 450. గుణకాలతో గుణిస్తే 180, 127.5, 112.5. మొత్తం 420. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే గంటకు 25,200 లీటర్లు, అంటే సెకనుకు 7 లీటర్లు. ఇప్పుడు గడ్డిలో సగాన్ని పేవింగ్ చేశారనుకోండి. మొత్తం 555 అవుతుంది, ప్రవాహం సెకనుకు 9.25 లీటర్లు. స్థలం పెరగలేదు, వాన పెరగలేదు. నీరు మాత్రం దాదాపు మూడో వంతు పెరిగింది.

ఈ నీరు పైపులో పడుతుందా? దానికి 1889లో ఐర్లండ్ ఇంజినీరు రాబర్ట్ మానింగ్ ప్రతిపాదించిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. వాలు, గరుకుదనం, తడిసే అడ్డుకోత ఆకారం తెలిస్తే వేగం వస్తుంది. గరుకు అంకె 0.013 తీసుకుని 1 శాతం వాలులో వేస్తే 100 మిల్లీమీటర్ల పైపు నిండుగా పారినా సెకనుకు 5 లీటర్లే మోస్తుంది. మన 7 లీటర్లకు చాలదు. 150 మిల్లీమీటర్లదైతే 15 లీటర్లు. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే మోత దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది.

అదే 1 శాతం వాలులో, ఒడ్డులు 1:4గా ఉన్న 15 సెంటీమీటర్ల లోతు గడ్డి కాలవ పొట్టిగా కోసిన గడ్డితో సెకనుకు 52 లీటర్లు మోస్తుంది. 150 మిల్లీమీటర్ల పైపుకు మూడున్నర రెట్లు. దాని పై వెడల్పు 1.2 మీటర్లు. 7 లీటర్లకు అందులో 7 సెంటీమీటర్ల లోతు నీరు చాలు. అయితే గడ్డి కొయ్యకుండా వదిలేస్తే గరుకు అంకె 0.03 నుంచి 0.1కి పోవచ్చు. అప్పుడు అదే నీటికి 11 సెంటీమీటర్లు కావాలి. కాలవను ఎవరు ఎన్నాళ్ళకోసారి కోస్తారన్నది కూడా డిజైను లెక్కలో భాగమే.

60 మిల్లీమీటర్లు అన్న అంకె ఎక్కడిది? వాన కేంద్రాల రికార్డుల నుంచి ఆ ప్రాంతానికి తయారుచేసిన పట్టికల నుంచి తీస్తారు. ఆ పట్టికల్లో కనిపించే పదేళ్ళ వాన అంటే పదేళ్ళకోసారి వచ్చి పోయేదని అర్థం కాదు. ఏ ఏడాదైనా రావడానికి పది శాతం అవకాశం ఉందని. వచ్చే పదేళ్ళలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 65 శాతం. ఈ ఏడు వచ్చింది కాబట్టి ఇంకో తొమ్మిదేళ్ళు నిశ్చింత అనుకోవడానికి లేదు.

## తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది

తవ్వకం, పూడిక సరితూగితే మట్టి బయటికి పోదు, బయటినుంచి రాదు. లెక్కకు సులువైనది గ్రిడ్ పద్ధతి. 10 మీటర్ల గళ్ళు నాలుగు, రెండు వరసలుగా. తొమ్మిది బిందువుల దగ్గర తవ్వే లోతు కొలుస్తాం. నాలుగు మూలల లోతులు 0.2, 0.4, 0.3, 0.5, మొత్తం 1.4. నాలుగు అంచు మధ్య బిందువులు 0.3, 0.4, 0.3, 0.4, మొత్తం 1.4. నడిమిది 0.35. మూల బిందువు ఒక్క గడికే చెందుతుంది, అంచుది రెండింటికి, నడిమిది నాలుగింటికి. కాబట్టి 1.4 + 2 × 1.4 + 4 × 0.35 = 5.6. గడి విస్తీర్ణం 100లో నాలుగో వంతు 25తో గుణిస్తే 140 ఘనపు మీటర్లు.

కానీ ఈ 140 నేలలో ఉన్నప్పటి కొలత. తవ్వితే మట్టి వదులవుతుంది. నాలుగో వంతు ఉబ్బుతుందనుకుంటే లారీల్లో 175 ఘనపు మీటర్లు మొయ్యాలి. అదే మట్టిని పూడిక పోసి దిమ్మిసతో అణిచితే సహజ స్థితికంటే తగ్గుతుంది. పది శాతం తగ్గితే 126 మాత్రమే నింపగలదు. కాగితం మీద సరితూగిన లెక్క సైటులో చివరికి మట్టి చాలక ఆగిపోయేది ఇందుకే. ఉబ్బు, తరుగు శాతాలు మట్టి రకాన్ని బట్టి మారతాయి.

సబ్‌గ్రేడ్ సంగతి ఇక్కడ వస్తుంది. బ్లాకు 6 సెంటీమీటర్లు, ఇసుక 3, కంకర 15 అనుకుంటే మొత్తం 24. పొక్లెయిన్ డ్రైవరు చేతికి ఫినిష్డ్ గ్రేడ్ ఉన్న డ్రాయింగే ఇస్తే అతను ఆ మట్టానికే చదును చేస్తాడు. పేవింగ్ 24 సెంటీమీటర్లు మెరకయి గుమ్మాల మీదికి వస్తుంది. లేదా మేస్త్రీ కంకర మందం తగ్గించి మట్టం సరిపెడతాడు, ఏడాది తిరిగేసరికి బ్లాకులు కుంగుతాయి. రెండోది కంటికి వెంటనే కనబడదు కాబట్టి అదే ఎక్కువ నష్టం.

పూడికను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి ఒక్కో పొరా అణచాలి. 1933లో అమెరికా ఇంజినీరు రాల్ఫ్ ప్రాక్టర్ చూపించిన పరీక్ష ప్రకారం తేమ సరిగ్గా ఉన్నప్పుడే మట్టి గట్టిగా అణుగుతుంది. పేవింగ్ కింద ఆ పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం అడుగుతారు. మొక్కలు పెట్టే చోట అంత అణిస్తే వేళ్ళు దిగవు. ఉన్న చెట్ల కొమ్మల గొడుగు కింద తవ్వడం, పూడ్చడం రెండూ మానాలి. ఊపిరి తీసుకునే వేళ్ళలో ఎక్కువ భాగం పై అరమీటరు మట్టిలోనే ఉంటాయి. మీద 30 సెంటీమీటర్ల పూడిక పోస్తే చెట్టు వెంటనే చావదు, రెండుమూడేళ్ళలో ఎండిపోతూ వస్తుంది. అప్పటికి గ్రేడింగ్ చేసినవాళ్ళను ఎవరూ అనుమానించరు.

## తరిమెయ్యాలా, నిలబెట్టి ఇంకించాలా

పాత ఆలోచన నీటిని ఎంత త్వరగా పంపేస్తే అంత మంచిదంటుంది. దాని వెనుక బలమైన కారణమే ఉంది. పునాది పక్కన తడి చేరితే గోడలు చెమ్మగిల్లుతాయి, ఉబ్బే బంకమన్ను అయితే నేల తడిసినప్పుడు లేచి, ఎండినప్పుడు కుంగి గోడలు చీలుతాయి. ఎదుటి పక్షం, అందరూ త్వరగా పంపేస్తే దిగువ కాలవ ఒకేసారి నిండుతుంది కదా అంటుంది. ఎవరి స్థలం వాళ్ళు బాగు చేసుకుని ఊరిని ముంచినట్టవుతుంది. భూగర్భ జలం కూడా చేరదు.

రెండో వాదం నుంచే వాన తోటలు (వాననీరు కాసేపు నిలిచి ఇంకే పల్లపు మొక్కల మళ్ళు), నీరింకే పేవింగ్, నగరమే వాననీటిని స్పాంజిలా పీల్చుకోవాలనే స్పాంజ్ సిటీ పథకాలు వచ్చాయి. చైనా 2015లో 16 నగరాలతో స్పాంజ్ సిటీ ప్రయోగం మొదలుపెట్టింది. ఆ తరహా పనులు చేపట్టిన నగరాల్లో ఒకటైన చెంగ్‌చౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది, నగరం మునిగింది. పథకం పనికిరాదనడానికి కొందరు దాన్నే చూపించారు. ఆ వానకు ఏ డ్రైనేజీ నిలుస్తుందని మరికొందరు అడిగారు.

అంకెలతో చూస్తే ఇద్దరి మాటా ఎక్కడ నిలుస్తుందో తేలుతుంది. మన స్థలంలో 20 చదరపు మీటర్ల వాన తోట వేసి 15 సెంటీమీటర్లు నీరు నిలిచేలా చేస్తే 3,000 లీటర్లు పడతాయి. 10 మిల్లీమీటర్ల వానకు పైకప్పు నుంచి వచ్చేది 1,800 లీటర్లు. మొత్తం ఇంకిపోతుంది, బయటికి చుక్క పోదు. ఏడాదిలో ఎక్కువ వానలు ఇలాంటివే. అదే గంటకు 60 మిల్లీమీటర్ల వాన స్థలం మొత్తం నుంచి సెకనుకు 7 లీటర్లు తెస్తే ఆ తోట ఏడు నిమిషాల్లో నిండిపోతుంది. ఆ తరువాత అది లేనట్టే. చెంగ్‌చౌ వాన ఇక్కడ పడితే సెకనుకు 23 లీటర్ల పైన వస్తుంది. 150 మిల్లీమీటర్ల పైపూ చాలదు. గడ్డి కాలవ మాత్రం మోస్తుంది. చిన్న వానకు తోట, మామూలు వానకు పైపు, పెద్ద వానకు నేల వాలు. ఈ మూడూ పోటీ పడవలసిన అవసరమే లేదు.

మట్టి అడ్డొచ్చే చోటు మాత్రం ఉంది. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్ల పైన తాగుతుంది, బంకమన్ను 1 నుంచి 5 మాత్రమే. గంటకు 5 అయితే 15 సెంటీమీటర్ల నీరు ఇంకడానికి 30 గంటలు, రెండు రోజుల్లోపే కాబట్టి పర్వాలేదు. గంటకు 1 అయితే ఆరు రోజులు. దోమలకు అదే ఇల్లు. అక్కడ అడుగున కంకర పొర, రంధ్రాల పైపు వేసి నీటిని మెల్లగా బయటికి తియ్యాలి, లేదా వాన తోట ఆలోచనే మానుకోవాలి. ఏ నేలలోనైనా పునాదికి కనీసం 3 మీటర్ల ఎడం ఉంచాలి.

రంధ్రాల పైపు అనగానే ఇంకో అపోహ. కంకరలో పొదిగిన ఆ పైపు భూమిలోని తడిని లాగడానికే. పైన నిలిచిన నీటికి అది మందు కాదు, ఆ జబ్బు వాలుది. రంధ్రాలు కిందికి ఉండాలి, చుట్టూ జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) చుట్టకపోతే సన్న మట్టి చేరి కంకర పూడుకుపోతుంది. పైకప్పు నీటి గొట్టాన్ని తెచ్చి ఇందులో కలిపితే ఎండబెట్టాల్సిన పునాదికి మనమే నీళ్ళు పట్టినట్టు.

## కాగితం మీద సరే, నేల మీద ఏం చెడుతుంది

అన్నిటికంటే తరచుగా చెడేది పునాది గుంత పూడిక. గోడ కట్టాక చుట్టూ వదులుగా పోసిన మట్టి ఒకటి రెండు వానలకు కుంగుతుంది. గోడకు దూరంగా ఇచ్చిన 5 శాతం వాలు తిరగబడి గోడవైపే అవుతుంది. పొరలుగా అణచడమే దీనికి విరుగుడు.

రెండోది ఒక్క జాలీ మీద ఆధారపడిన ముంగిలి. నాలుగు వైపులా మెరక, నడుమ డ్రెయిన్ జాలీ. నాలుగు ఆకులు దాని మీద పడితే చాలు. నీరు పెరిగి గుమ్మం దాటుతుంది. ముంగిలి అంచులో ఒకచోట మట్టం గచ్చుకంటే కనీసం పది పదిహేను సెంటీమీటర్లు తక్కువ ఉండేలా దారి వదిలితే, జాలీ మూసుకుపోయినా నీరు ఇంట్లోకి రాకముందే బయటికి పొర్లుతుంది. డ్రాయింగ్ మీద ఆ పొర్లు దారిని బాణం గుర్తుతో చూపించని గ్రేడింగ్ ప్లాను పూర్తికానట్టే లెక్క.

మూడోది కనీస వాలు దగ్గర కక్కుర్తి. కాంక్రీటుకు అర శాతం చాలదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. లెక్కలో చాలు. నీరు పారడానికి వాలు ఉంటే చాలు కదా. కానీ గచ్చు పని సరిగ్గా చేశారో లేదో మూడు మీటర్ల తిన్నని బద్ద గచ్చు మీద పరిచి చూస్తే మధ్యలో 10 మిల్లీమీటర్ల సందు కనబడటం మామూలే. 1 శాతం వాలులో మూడు మీటర్లకు దిగుడు 30 మిల్లీమీటర్లు. మధ్యలో 10 కుంగినా, మొదటి సగంలో 25, రెండో సగంలో 5 దిగుతుంది. నీరు నెమ్మదిస్తుంది కానీ ఆగదు. అర శాతంలో మొత్తం దిగుడు 15. అదే 10 మిల్లీమీటర్ల కుంగుకు మొదటి సగంలో పదిహేడున్నర దిగి, రెండో సగంలో రెండున్నర ఎక్కవలసి వస్తుంది. అక్కడ రెండున్నర మిల్లీమీటర్ల మడుగు ప్రతి వానకూ నిలుస్తుంది, నాచు పడుతుంది, కాలు జారుతుంది.